నడుమా, తుంటా: ఏళ్ల తరబడి వేధించే నొప్పికి ఏ వైద్యం?

రెండేళ్ల పాటు నేను నడుముకు వైద్యం చేయించుకున్నాను. స్కానింగ్‌లో ఎల్4, ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్క్ కాస్త ఉబ్బిందని రాశారు. ఆ ఒక్క మాట పట్టుకుని బెల్టు కట్టుకున్నాను, నడుమును సాగదీసి ఉంచే ట్రాక్షన్ పెట్టించుకున్నాను, నెలల తరబడి మాత్రలు మింగాను, పరుపు కూడా మార్చాను. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండేది, మళ్లీ మొదటికొచ్చేది. చివరికి ఒక డాక్టర్ స్కానింగ్ కవరు తెరవకముందే నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని నెమ్మదిగా బయటి వైపుకు తిప్పారు. గజ్జలో జివ్వుమని పోటు లేచింది. "సాక్సులు వేసుకోవడం కష్టంగా ఉందా?" అని అడిగారు. ఏడాదిగా కష్టంగానే ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. అరిగింది నా తుంటి కీలు. నడుములో ఉన్న ఆ ఉబ్బుకూ నా బాధకూ పెద్దగా సంబంధమే లేదు.

అందుకే ఫిజియోథెరపీ మంచిదా, ఇంజెక్షన్ మంచిదా, ఆపరేషన్ చేయించుకోవాలా అని ఎవరైనా అడిగితే, ముందు నొప్పి ఎక్కడి నుంచి పుడుతోందో తేల్చుకున్నారా అని అడుగుతాను. ఒకే వైద్యం ఒక నొప్పికి ప్రాణం పోసినట్టు ఉంటుంది, పక్కనే ఉన్న ఇంకో నొప్పికి డబ్బు, కాలం దండగ. నేను డాక్టర్‌ను కాదు. ఈ నొప్పితో బతుకుతూ చదివింది, అడిగి తెలుసుకుంది ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క వేలితో చూపించండి

నొప్పి ఎక్కడ అని అడిగితే చాలామంది అరచేయి మొత్తం నడుము మీద వేసి "ఇక్కడంతా" అంటారు. ఒక్క వేలితో చూపించడానికి ప్రయత్నించండి. సగం చిక్కుముడి అక్కడే విడిపోతుంది.

వేలు గజ్జ మీదికి వెళ్తే తుంటి కీలును అనుమానించాలి. తుంటి అంటే మనం పక్కన చేయి ఆనించే ఎముక అనుకుంటాం. అసలు కీలు అక్కడ లేదు. తొడ ఎముక పైభాగం బంతిలా గుండ్రంగా ఉండి కటి ఎముక గుంటలో కూర్చుంటుంది. ఆ చోటు గజ్జకు లోతుగా ఉంటుంది. అది అరిగితే నొప్పి గజ్జలో, తొడ ముందు భాగంలో, ఒక్కోసారి మోకాలిలో తెలుస్తుంది. మోకాలికి ఏళ్లు వైద్యం చేయించుకుని చివరికి తుంటి అని తేలినవాళ్లూ ఉన్నారు. కొందరికి పిరుదులోనే నొప్పి వస్తుంది, నాకు జరిగిన పొరపాటు అదే. కారు ఎక్కి దిగేటప్పుడు, కాలిగోళ్లు తీసుకునేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచాక తొలి నాలుగు అడుగుల్లో బాధ ఎక్కువగా ఉంటే ఈ అనుమానం బలపడుతుంది.

వేలు పక్కన, తొడ పైభాగంలో పొడుచుకొచ్చినట్టుండే ఎముక మీదికి వెళ్తే, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతుంటే, మెట్లెక్కుతుంటే సలుపుతుంటే, అది కీలు అరుగుదల కాకపోవచ్చు. పిరుదు కండరాలు ఎముకకు అతుక్కునే చోట వాటి కొసలు (టెండాన్లు) దెబ్బతిని వచ్చే నొప్పి అది. నలభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. దీన్ని చాలా చోట్ల "సయాటికా" అనేసి నడుముకే వైద్యం చేస్తారు.

పిరుదు మధ్యలో నొప్పి ఉంటే తేల్చడం కష్టం. నడుము నుంచి రావచ్చు, వెన్నెముక అడుగున కటి ఎముకతో కలిసే సాక్రోఇలియాక్ కీలు నుంచి రావచ్చు, లోపలి కండరం నరాన్ని ఒత్తడం వల్ల రావచ్చు, తుంటి కీలు నుంచీ రావచ్చు. నొప్పి పిరుదు దగ్గర ఆగకుండా మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి కరెంటు పాకినట్టు దిగుతుంటే, దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంటే, పాదంలో తిమ్మిరి ఉంటే అది నరం నొక్కుకుపోవడమే కావచ్చు. అసలు సయాటికా అంటే ఇది.

పెద్దవయసు వాళ్లలో ఇంకో రకం ఉంది. కొంత దూరం నడిచేసరికి రెండు కాళ్లూ బరువెక్కి, లాగి, ఇక అడుగు పడదు. ముందుకు వంగినా, కూర్చున్నా నిమిషాల్లో తగ్గిపోతుంది. తోపుడు బండి మీద వంగి నెట్టుకుంటూ పోతే మాత్రం ఎంత దూరమైనా నడవగలరు. వెన్నెముక లోపలి దారి ఇరుకైపోయిందనడానికి ఇది మంచి గుర్తు. వంగక్కర్లేకుండా, ఊరికే నిలబడితేనే తగ్గిపోతుంటే కాలి రక్తనాళాలు సన్నబడ్డాయేమో చూడాలి. అప్పుడు వెళ్లాల్సిన డాక్టరే వేరు.

ఇక తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి, లేచాక అరగంటకు పైగా నడుము కొయ్యబారినట్టుండి, తిరిగితే తగ్గి, విశ్రాంతి తీసుకుంటే పెరిగే నొప్పి నలభై అయిదేళ్లలోపు మొదలైతే, దాన్ని మామూలు నడుము నొప్పిగా తీసుకోకండి. ఒకసారి కుడి పిరుదు, ఒకసారి ఎడమ పిరుదు మారుతూ నొప్పి వస్తుంటే ఇంకా జాగ్రత్త పడాలి. ఇది వెన్నెముకకు వచ్చే వాతం, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కుటుంబానికి చెందినది. దీన్ని కనిపెట్టడంలో ఏళ్లకు ఏళ్లు ఆలస్యమవుతోందని దేశదేశాల డాక్టర్లూ మొత్తుకుంటున్నారు. వెళ్లాల్సింది కీళ్లవాతం చూసే రుమటాలజిస్ట్ దగ్గరికి. హెచ్‌ఎల్‌ఏ బీ27 అనే జన్యువు ఉందేమో చూసే రక్తపరీక్ష, సాక్రోఇలియాక్ కీళ్ల ఎంఆర్ఐ రోగ నిర్ధారణకు ఉపయోగపడతాయి. దీనికి మందులు బాగా పనిచేస్తాయి. ఆలస్యమయ్యే కొద్దీ వెన్నుపూసలు అతుక్కుపోయే ప్రమాదం ఉంది కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

ఇవేవీ కాకపోతే? నడుము నొప్పితో వచ్చేవాళ్లలో 90 శాతం మందికి ఫలానా భాగమే కారణమని కచ్చితంగా చెప్పలేరు. ఆ మాట వింటే నిరాశగా ఉంటుంది కానీ అది మంచి కబురే. ప్రమాదకరమైనదేదీ లేదని దాని అర్థం. అలాంటి నొప్పికి పనికొచ్చే వైద్యాలు ఉన్నాయి.

పోలికలకు సమయం లేని సందర్భాలు

మూత్రం రావడం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా అదే రోజు, అదే గంటలో పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. నరాల గుత్తి మొత్తం నలిగిపోతోందని దాని అర్థం. పాదం పైకి లేవకుండా వేలాడిపోతున్నా ఆలస్యం చేయకూడదు. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పడిపోవడం, చాలాకాలం స్టెరాయిడ్లు వాడటం, ఇవి ఉన్నా వెంటనే చూపించుకోవాలి. బరువు మోపితే గజ్జలో భరించలేని నొప్పి వస్తుంటే తొడ ఎముక మెడ దగ్గర సన్నని పగులు ఉండొచ్చు. ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు కూడా.

స్కానింగ్ చెప్పేది, చెప్పనిది

నన్ను రెండేళ్లు తప్పుదారి పట్టించింది స్కానింగ్ రిపోర్టే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా స్కానింగుల వివరాలను ఒకచోట చేర్చి 2015లో ఒక విశ్లేషణ ప్రచురించారు. నొప్పి లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల, 30 శాతం మందికి ఉబ్బు కనిపించాయి. యాభై ఏళ్లవాళ్లలో అరుగుదల 80 శాతం, ఉబ్బు 60 శాతం. ఎనభై ఏళ్లకు అరుగుదల 96 శాతానికి చేరింది. జుట్టు నెరవడం ఎలాంటిదో ఇదీ చాలావరకు అలాంటిదే. "డిస్క్ అరిగిపోయింది, గ్యాప్ వచ్చింది" అన్న మాటతో వంగడానికే భయపడి ఏళ్లు గడిపేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ భయంతో కదలడం మానేస్తే నొప్పి ఇంకా పాతుకుపోతుంది.

స్కానింగ్ వద్దని కాదు. కాలిలోకి దిగే నొప్పి వారాలు గడిచినా తగ్గకుండా ఇంజెక్షనో ఆపరేషనో ఆలోచిస్తున్నప్పుడు, పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నప్పుడు అది తప్పనిసరి. రిపోర్టులో ఉన్నదీ, మీ ఒంట్లో ఉన్నదీ ఒకే కథ చెప్పాలి. కుడి కాలు లాగుతుంటే రిపోర్టులో ఎడమ వైపు నరం నొక్కుకున్నట్టు ఉంటే ఆ రిపోర్టు మీ నొప్పిది కాదు.

తుంటి విషయంలో మామూలు ఎక్స్‌రే చాలా చెబుతుంది. నిలబడి తీయించుకున్న కటి ఎముక ఎక్స్‌రే ఒక్కటి నాకు రెండేళ్ల ముందే తీసి ఉంటే సరిపోయేది. ఒక్క జబ్బు మాత్రం మొదట్లో ఎక్స్‌రేకి దొరకదు. తొడ ఎముక తలకాయకు రక్తప్రసారం తగ్గి ఎముక చచ్చుబడే ఏవాస్క్యులర్ నెక్రోసిస్ అది. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లలో, మద్యం బాగా తాగేవాళ్లలో, కొన్ని రక్త వ్యాధులున్నవాళ్లలో చిన్న వయసులోనే వస్తుంది. ఎంఆర్ఐలో ముందే తెలుస్తుంది. బంతి కుంగిపోకముందు పట్టుకుంటే కీలును నిలబెట్టుకునే మార్గాలుంటాయి. నొప్పి మంత్రం వేసినట్టు మాయం చేస్తానంటూ, లోపల ఏముందో రాయకుండా ఇచ్చే పొడులూ మాత్రలూ ముట్టుకోకండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి.

కదలడమా, విశ్రాంతా

ఈ పోలికలో తీర్పు ఎప్పుడో వచ్చేసింది. 1980, 90ల్లో జరిగిన అధ్యయనాలే మంచం పట్టి పడుకోవడం కన్నా చేతనైన పనులు చేసుకుంటూ ఉండటం మేలని తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. నొప్పి గురించి అవగాహన, వ్యాయామం, మానసికంగా తోడ్పడే చికిత్సలు, అవసరమైతే వాపు తగ్గించే మాత్రలు అందులో ఉన్నాయి. బెల్టులు, ట్రాక్షన్, ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసౌండ్ చికిత్స, చర్మం మీద సన్నని కరెంటు పెట్టే టెన్స్ మిషన్లు, నల్లమందు జాతికి చెందిన ఓపియాయిడ్ మాత్రలు మామూలుగా వాడొద్దంది. నేను రెండేళ్లు చేయించుకున్నవి సగం ఈ వద్దన్న జాబితాలోనే ఉన్నాయి.

ఏ వ్యాయామం? 2021లో 249 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద సమీక్షలో వ్యాయామం పనిచేస్తుందని తేలింది. పిలాటిస్ అయినా, యోగా అయినా, బరువులెత్తడమైనా, కండరాల పట్టు పెంచే కసరత్తులైనా తేడాలు చిన్నవే. కాబట్టి నడుము నొప్పికి మీరు మానకుండా చేయగలిగినదే మీకు తగిన వ్యాయామం. ఏమీ చేయలేనివాళ్లు నడక మొదలుపెట్టొచ్చు. ఆస్ట్రేలియాలో 701 మంది మీద చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకసారి నొప్పి తగ్గినవాళ్లు క్రమంగా నడక పెంచుకుంటూ వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున నడిచే స్థాయికి వెళ్లారు. నొప్పి తిరగబెట్టకుండా గడిచిన కాలం నడవనివాళ్లలో 112 రోజులైతే, నడిచినవాళ్లలో 208 రోజులు. నడకకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తుంటి దగ్గరికి వచ్చేసరికి "ఏదైనా ఒకటే" అనలేం. పక్క ఎముక దగ్గరి నొప్పికి పిరుదు కండరాలను నెమ్మదిగా బలపరచే ప్రత్యేక కసరత్తులు కావాలి. కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం, ఒక కాలి మీదే బరువు వేసి తుంటి వాల్చి నిలబడటం, ఆ భాగాన్ని బాగా సాగదీసే ఆసనాలు వేయడం దాన్ని ఎగదోస్తాయి. పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే ఉపశమనం. 204 మంది మీద చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనికి గట్టి ఆధారం. ఎనిమిది వారాలకు కసరత్తు, జాగ్రత్తలు నేర్చుకున్నవాళ్లలో 77 శాతం మంది, స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 58 శాతం మంది, ఏమీ చేయకుండా చూసినవాళ్లలో 29 శాతం మంది మెరుగయ్యామన్నారు. ఏడాది తర్వాత కసరత్తు చేసినవాళ్లు 79 శాతం దగ్గర నిలిచారు. ఇంజెక్షన్ వాళ్లకూ, ఏమీ చేయని వాళ్లకూ తేడా దాదాపు చెరిగిపోయింది.

కీలు అరిగినవాళ్లకు తొడ, పిరుదు కండరాల బలం, ఎక్కువ బరువుంటే దాన్ని తగ్గించుకోవడం, చేతికర్ర సాయపడతాయి. కర్రను నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అప్పుడు కీలు మీద భారం తగ్గదు. కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడి నడకే మానుకోవడం కన్నా కర్రతో రెండు కిలోమీటర్లు నడవడం మేలు కదా.

ఫిజియోథెరపిస్టును ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూడండి. మిమ్మల్ని మిషన్ కింద పడుకోబెట్టి వెళ్లిపోతున్నారా, దగ్గరుండి కసరత్తు నేర్పి, వారం వారం దాన్ని కాస్త కాస్త పెంచుతున్నారా? రెండో రకం వాళ్ల దగ్గరికి నాలుగుసార్లు వెళ్లినా చాలు. మొదటి రకం దగ్గర నలభైసార్లు పడుకున్నా చేతికొచ్చేది ఏమీ ఉండదు. మొదటి రెండు మూడు వారాలు కసరత్తు తర్వాత కాస్త నొప్పి మామూలే. మర్నాటికి సర్దుకుంటే కొనసాగించొచ్చు, సర్దుకోకపోతే మోతాదు తగ్గించాలి.

మసాజ్, మానిప్యులేషన్, ఆక్యుపంక్చర్

వీటి మీద పెద్దలే ఏకాభిప్రాయానికి రాలేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ వద్దంది. మరుసటి ఏడాది అమెరికా ఫిజీషియన్ల సంఘం మందుల కన్నా ముందు ప్రయత్నించదగ్గవాటిలో దాన్ని చేర్చింది. ఆధారాలు అంత సన్నగా ఉన్నాయన్నమాట. నా అభిప్రాయం చెప్పాలంటే, చేతులతో చేసే వైద్యం కొన్ని గంటలో కొన్ని రోజులో హాయినిస్తుంది. ఆ హాయిని వాడుకుని మీరు కదలగలిగితే అది మంచి తోడు. అదొక్కటే వైద్యం అనుకుంటే వారం వారం అక్కడికే వెళ్లాల్సి వస్తుంది. ఎముకలు బలహీనపడినవాళ్లు, కాలిలో బలం తగ్గుతున్నవాళ్లు గట్టిగా విరిచే మానిప్యులేషన్ జోలికి వెళ్లకూడదు.

మాత్రలు

వాపు తగ్గించే ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ జాతి మాత్రలు నడుముకూ తుంటికీ కొంత పనిచేస్తాయి. వెన్నెముక వాతానికి బాగా పనిచేస్తాయి. కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం, బీపీ పెరగడం, గుండెకు ప్రమాదం వీటితో వచ్చే చిక్కులు. డాక్టర్‌కు చెప్పకుండా నెలల తరబడి మింగేవి కావు ఇవి. పారాసిటమాల్ కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందు లేని ఉత్త మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదని 2014 నాటి ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. సయాటికాకు విరివిగా రాసే ప్రిగాబలిన్ కూడా 2017లో అలాంటి పరీక్షకే నిలబడలేదు, పైగా తల తిరుగుడు మిగిల్చింది. అలాగని వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయకూడదు, డాక్టర్ చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ రావాలి. డులోక్సెటిన్ కొందరికి పనికొస్తుంది. అది డిప్రెషన్‌కు వాడే మందు కాబట్టి చీటీలో చూసి చాలామంది కంగారుపడతారు, కానీ నరాల్లో నొప్పి సంకేతాలను తగ్గించడానికే ఇస్తారు. ఇక ఓపియాయిడ్లు. నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిని అమెరికాలో ఏడాది పాటు గమనించిన అధ్యయనం 2018లో వచ్చింది. మామూలు మందులకన్నా ఇవి మెరుగేమీ కాలేదు. అలవాటుపడే ప్రమాదం మాత్రం వీటికే ఉంది.

మాత్రతో నొప్పి సగం తగ్గితే ఆ సగంలో నడవాలి, కసరత్తు చేయాలి. దానికి పనికిరాని మాత్ర ఎందుకు వేసుకుంటున్నామో ఆలోచించుకోవాలి.

ఇంజెక్షన్లు

ఇంజెక్షన్ అనగానే అదొక్కటే అనుకుంటాం. వెన్నెముక నరాల చుట్టూ వేసే ఎపిడ్యూరల్ వేరు, వెన్నుపూసల చిన్న కీళ్లలో వేసేది వేరు, తుంటి కీలులో వేసేది వేరు. కాలిలోకి దిగే తీవ్రమైన, కొత్త సయాటికాకు ఎపిడ్యూరల్ కొన్ని వారాల ఉపశమనం ఇవ్వగలదు. పాతబడిన ఉత్త నడుము నొప్పికి అలాంటి ఆశ తక్కువ. ఏళ్లనాటి వెన్నెముక నొప్పికి ఈ ఇంజెక్షన్లూ, రేడియోఫ్రీక్వెన్సీతో నరాల కొసలు కాల్చడమూ వద్దని 2025లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకం గట్టిగా చెప్పింది. నొప్పి నిపుణులు చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. ఎంచి ఎంచి కొందరికి చేస్తే రేడియోఫ్రీక్వెన్సీ పనిచేస్తుందని వాళ్ల వాదన, నైస్ కూడా దాన్ని పూర్తిగా కొట్టేయలేదు. నేనైతే ముందు మత్తుమందుతో పరీక్షగా ఇంజెక్షన్ ఇచ్చి, నొప్పి నిజంగా ఆ చోటుదేనని తేలితేనే అడుగు ముందుకు వేస్తాను.

తుంటి కీలులో స్టెరాయిడ్ వేస్తే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల దాకా నొప్పి తగ్గొచ్చు. అల్ట్రాసౌండ్‌లోనో ఎక్స్‌రేలోనో చూస్తూ వేయాలి, ఆ కీలు లోతుగా ఉంటుంది. త్వరలో కీలు మార్పిడి ఉందనుకుంటే మూడు నెలల లోపు ఈ ఇంజెక్షన్ తీసుకోకూడదు, ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. తుంటికి జెల్ ఇంజెక్షన్లు, మన రక్తం నుంచే తీసి ఎక్కించే పీఆర్పీ, మూలకణాలు అంటూ చెప్పేవాటికి ఖర్చుకు తగ్గ ఆధారం లేదు. అమెరికా రుమటాలజీ సంఘం 2019లోనే తుంటికి ఇవేవీ వద్దని గట్టిగా చెప్పింది.

తుంటి కీలులో వేసే ఇంజెక్షన్ వల్ల ఇంకో గొప్ప ప్రయోజనం ఉంది. నొప్పి నడుముదా తుంటిదా తేలకపోతే తుంటి కీలులో మత్తుమందు వేసి చూస్తారు. ఆ కొన్ని గంటలు నొప్పి మాయమైతే దొంగ దొరికినట్టే. నా విషయంలో చివరి అనుమానం తీర్చింది ఇదే. రెండేళ్లలో మొదటిసారి ఆ మధ్యాహ్నం నొప్పి లేకుండా నడిచాను. ఆ నాలుగు గంటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆపరేషన్

నడుము ఆపరేషన్, తుంటి ఆపరేషన్ ఒకే తరాసులో తూచకూడదు.

డిస్క్ జారి నరం నొక్కుకుని కాలు లాగుతుంటే, ఆ ముక్క తీసే ఆపరేషన్ కాలి నొప్పికి త్వరగా ఉపశమనం ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో 283 మంది మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు సగటున నాలుగు వారాల్లో కోలుకున్నారు. ఆగి చూసినవాళ్లకు పన్నెండు వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మందికి మధ్యలో ఆపరేషన్ అవసరమైంది, మిగతావాళ్లకు అవసరమే పడలేదు. జారిన ముక్కను ఒళ్లే కరిగించుకోవడం మామూలు. అంటే కాలు బలం తగ్గనంత వరకు ఇక్కడ తేల్చుకోవాల్సింది ఎన్నాళ్లు ఓర్చుకోగలరన్నదే. ఉద్యోగం పోయేలా ఉంది, నిద్ర లేదు అనుకునేవాళ్లు ముందే చేయించుకోవడంలో తప్పు లేదు.

వెన్నెముక దారి ఇరుకై నడవలేకపోతున్నవాళ్లకు, కసరత్తుతో ఫలితం లేకపోతే, ఆ ఇరుకును వదులు చేసే ఆపరేషన్ మేలు చేస్తుంది. కాలి బాధకు చేసినంతగా నడుము బాధకు చేయదు. కేవలం నడుము నొప్పికి, అరిగిన డిస్క్ పేరుతో వెన్నుపూసలను స్క్రూలతో బిగించే ఫ్యూజన్ విషయంలో మాత్రం రెండో అభిప్రాయం లేకుండా ఒప్పుకోవద్దు. బ్రిటన్, నార్వేల్లో 2000 దశకంలో జరిగిన అధ్యయనాల్లో గట్టి శిక్షణతో కూడిన పునరావాస చికిత్స దీనికి దాదాపు సమానంగా పనిచేసింది. ఎముక జారిపోవడం, విరగడం, గూని పెరగడం లాంటివి ఉంటే సంగతి వేరు.

తుంటి మార్పిడి పూర్తిగా వేరే కథ. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. వైద్యంలో ఇంత నమ్మకంగా ఫలితమిచ్చే ఆపరేషన్లు కొన్నే. యాభై దాటి, కీలు బాగా అరిగినవాళ్లలో ఆపరేషన్‌నూ బరువులతో చేసే కసరత్తునూ పోల్చి 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. తుంటి ఎలా ఉందో రోగులు తామే వేసుకునే స్కోరు ఆరు నెలలకు ఆపరేషన్ వాళ్లలో దాదాపు 16 పాయింట్లు మెరుగైంది, కసరత్తు వాళ్లలో నాలుగున్నర. అంతగా అరిగిపోయాక కసరత్తుతో నెట్టుకురావడం అందరికీ సాధ్యం కాదు. కొత్త కీలు ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్నకూ సమాధానం ఉంది. 2019లో లెక్కలు కడితే 58 శాతం కీళ్లు పాతికేళ్లు నిలిచాయి. ఇన్ఫెక్షన్, కీలు తప్పడం, కాలిలో రక్తం గడ్డకట్టడం, కాళ్ల పొడవులో చిన్న తేడా వంటి ప్రమాదాలు తక్కువే అయినా ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టకపోవడం, నడవగలిగే దూరం తగ్గిపోవడం, కసరత్తు, మాత్రలు నిజాయితీగా ప్రయత్నించినా బతుకు చిన్నబోవడం, ఈ మూడూ ఉన్నప్పుడు వయసు గురించి మరీ మథనపడి వాయిదా వేయకండి.

నొప్పి ఒంట్లోనే, అయినా మనసుకూ వైద్యం

ఈ మాట ఎత్తితే "నా నొప్పి అబద్ధమంటున్నారా" అని మనసు గాయపడుతుంది. కాదు. నెలల తరబడి నొప్పి ఉంటే నాడీవ్యవస్థే అతిగా ఉలిక్కిపడటం నేర్చుకుంటుంది, చిన్న కదలికకూ పెద్ద గంట కొడుతుంది. టెన్షన్, నిద్రలేమి, భయం ఆ గంటను ఇంకా పెంచుతాయి. ఆస్ట్రేలియాలో 492 మంది మీద చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, భయపడే కదలికలను దగ్గరుండి మళ్లీ నేర్పుతూ నొప్పిని అర్థం చేయించే పద్ధతి (కాగ్నిటివ్ ఫంక్షనల్ థెరపీ) ఇచ్చిన మేలు ఏడాది దాకా నిలిచింది. ఏ భాగమూ కారణంగా దొరకని నడుము నొప్పికి, భయంతో వంగడమే మానేసినవాళ్లకు, ఇంజెక్షన్‌కు ముందు ప్రయత్నించాల్సింది ఇదని నా గట్టి నమ్మకం. ఇలా చేసేవాళ్లు దొరకడం కష్టం కావచ్చు. వంగితే ఏమీ కాదని ధైర్యం చెప్పి వంగించే ఫిజియోథెరపిస్టు దొరికినా చాలావరకు అదే పని జరుగుతుంది.

నడుమూ తుంటీ రెండూ పాడైతే

చాలామందికి జరిగేది ఇదే, 1983 నుంచీ వైద్యులు దీన్ని హిప్ స్పైన్ సిండ్రోమ్ అంటున్నారు. తుంటి బిగుసుకుపోతే ఆ కదలిక భారమంతా నడుము మోస్తుంది. అందుకే కాలిలో బలహీనత, మూత్రం ఇబ్బంది వంటివి లేకపోతే తుంటిని ముందు చూడమని చాలామంది సర్జన్లు చెబుతారు. తుంటి మార్చాక నడుము నొప్పి కూడా తగ్గినవాళ్లు ఎందరో. పైగా నడుమును ముందే స్క్రూలతో బిగించేస్తే, తర్వాత పెట్టిన కొత్త తుంటి కీలు తప్పే ప్రమాదం పెరుగుతుంది. నడుము ఆపరేషన్ సలహా వచ్చినప్పుడు "నా తుంటి పరీక్షించారా?" అని, తుంటి ఆపరేషన్ సలహా వచ్చినప్పుడు "నా వెన్నెముక గురించి మీకు తెలుసా?" అని అడగండి.

ఏ వైద్యం మొదలుపెట్టినా ఎంతకాలం చూడాలో ముందే రాసుకోవాలి. కసరత్తుకు పన్నెండు వారాలు, కొత్త మాత్రకు డాక్టర్ చెప్పిన గడువు. కొలమానం నొప్పి ఒక్కటే అయితే రోజుకో రకంగా ఉంటుంది. ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలుగుతున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, సాక్సు వేసుకోవడానికి ఎంతసేపు పడుతోంది, ఈ మూడూ వారానికోసారి కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు స్కానింగ్ కవరు పైన పెట్టి తీసుకెళ్లండి. నా కాగితంలో మొదటి వారం నడక ఎనిమిది నిమిషాలు. ఆపరేషన్ ఇంకా చేయించుకోలేదు. పోయిన వారం నలభై రెండు నిమిషాలు నడిచాను. కుడి కాలి సాక్సు మాత్రం ఇంకా తలుపుకు ఆనుకునే వేసుకుంటున్నాను.